మైనం పెట్టెలకు రంగు వేసిన శనివారం

సోమవారం పొద్దున హాలు తలుపు తీయగానే కొత్త రంగు వాసన గుప్పుమంది. నేల అద్దంలా మెరుస్తోంది. గోడలు నడుమెత్తు వరకూ ఆకుపచ్చ. మెషీను చుట్టూ ఉన్న ఇనుప కంచె ఆకుపచ్చ. చెత్తబుట్ట ఆకుపచ్చ. వీటన్నిటి మధ్యా నా డిటెక్టరు, అదీ ఆకుపచ్చే. కూర్చుందామని స్టూలు కోసం వెతికితే, దానికి కూడా రంగు వేసి ఆరడానికి తలకిందులుగా పెట్టారు. నిలబడే తిట్టుకున్నాను.

ఎవరొస్తున్నారని ఇంత సింగారమో చెబితే మీకూ ఒళ్ళు మండుతుంది. ఆ రోజు లెనిన్‌గ్రాద్ నుంచి వస్తున్నాయన గెర్మన్ ల్వోవిచ్. పెద్ద ప్రొఫెసరు, నా డాక్టరేటుకి పరీక్షకుడు. నా గ్రంథం కిందటి ఆకురాలు కాలం నుంచీ ఆయన బల్ల మీద పడి ఉంది. అందులో ఒక అంకె ఆయనకు మింగుడు పడలేదు. ఆ కొలత తన కళ్ళ ముందు మళ్ళీ చేసి చూపిస్తే సంతకం పెడతానని, లేకపోతే లేదని మా విభాగం పెద్ద సవేలీ పెత్రోవిచ్‌తో ఫోనులో తేల్చి చెప్పేశాడు. మళ్ళీ ఎప్పుడో చేద్దామంటే కుదరదు. మర్నాటి నుంచి మా బీటాట్రాన్, అంటే గామా కిరణాలు పుట్టించే మా మెషీను, ఒక బాయిలర్ల ఫ్యాక్టరీ చేతికి పోతుంది, ఇనుప అతుకుల ఫొటోలు తీసుకోవడానికి. సోమవారం చూపించానా డాక్టరేటు, లేదా ఇన్నేళ్ళ చాకిరీ గంగపాలు.

గొడవంతా బంగారం గురించి. నగల గొడవ కాదు. పల్చటి బంగారు రేకు మీద గట్టి గామా కిరణాలు పడితే, పరమాణువు నడిమధ్యలో ఉన్న కేంద్రకం ఉలిక్కిపడి న్యూట్రాన్లను బయటికి విసురుతుంది. ఒక్కోసారి ఒకటే, ఒక్కోసారి జంటగా రెండు. నూటికి ఎన్నిసార్లు జంట వస్తుందన్నది ప్రశ్న. గెర్మన్ ల్వోవిచ్ పదిహేనేళ్ళ కిందట ఇరవై అన్నాడు. పుస్తకాల్లో ఇరవయ్యే అచ్చయింది, దాని మీద ఆయనకు బిరుదులూ పతకాలూ కూడా వచ్చాయి. నాకు ఇరవై ఎనిమిది వచ్చింది. మళ్ళీ కొలిచాను. మళ్ళీ అంతే. ఆయన అంకె రావాలని నేను ఎంత కోరుకున్నానో నాకే తెలుసు, వస్తే హాయిగా సంతకం పడిపోయేది కదా. రాలేదు.

న్యూట్రాన్‌ను పట్టుకోవడం అంత సులువు కాదు. బయటికి వచ్చేటప్పుడు దానికి మహా వేగం. పారఫిన్ మైనంలోకి తోలితే అటూ ఇటూ గుద్దుకుని నీరసపడుతుంది. నీరసపడ్డాక మైనం మధ్య దూర్చిన గొట్టాల్లో ఒకదానికి చిక్కితే లెక్కల పెట్టె టిక్కుమంటుంది. అందుకే మా డిటెక్టరంటే మైనం పోసిన చెక్కపెట్టెల గుట్ట, పెట్టెల సందుల్లో గొట్టాలు. లోపలి వరసల్లో ఉత్త మైనం. బయటి వరసలో బోరాన్ కలిపిన మైనం. బోరాన్ న్యూట్రాన్లను మింగేస్తుంది కాబట్టి హాల్లో తిరిగే దిక్కుమాలిన న్యూట్రాన్లు లోపలికి చొరబడకుండా అది కాపలా. రెండు మైనాలూ తెల్లనే, పెట్టెలన్నీ ఒకే కొలత. బోరాన్ పెట్టె మీద మాత్రం నల్ల పెన్సిలుతో ఒక అడ్డగీత ఉండేది. ఇప్పుడు ఆ గీతల మీద రెండు పూతల ఆకుపచ్చ రంగు ఉంది.

ఏప్రిల్ శనివారం శ్రమదానం అని మా దేశంలో ఒక పండగ లాంటిది ఉంది. ఆ రోజు ప్రొఫెసర్ల దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా చీపుర్లూ పారలూ పట్టాల్సిందే. ఈసారి నన్ను ఓకా నది గట్టు మీద కిందటేటి ఆకులు ఊడ్చడానికి పంపారు. నేనక్కడ చేతులు బొబ్బలెక్కించుకుంటూ ఉండగా ఇక్కడ నా హాలు మీద పడ్డారన్నమాట. తాళం ఎవరిచ్చారో అడగనక్కర్లేదు. తాళాలన్నీ క్లావ్దియా తీహొనొవ్నా నడుముకే వేలాడుతుంటాయి. మా భవనంలో బల్బు నుంచి బకెట్ దాకా పెత్తనం ఆవిడది. నా కేక విని తీరిగ్గా చేతులు తుడుచుకుంటూ వచ్చి, రిమ్మా అన్న నా పేరుని ఎప్పటిలాగే ముద్దు చేసింది.

"ఏమ్మా రిమ్మోచ్కా, ఎలా ఉంది మన ఇల్లు? ఇప్పుడు మంత్రిగారొచ్చినా సిగ్గుపడక్కర్లేదు."

"ఈ పెట్టెలు ఎవరు ముట్టుకున్నారు?"

"అందరం ముట్టుకున్నాం. అకౌంట్సు వాళ్ళు, లైబ్రరీ ఆడవాళ్ళు, క్యాంటీన్ వాళ్ళు. కింద నేలకి రంగెయ్యాలంటే తియ్యాలా వద్దా? ఒక్కోటి ఎంత బరువుందో నీకేం తెలుసు, లైబ్రరీ ఆవిడకి నడుం పట్టేసింది. మళ్ళీ పేర్చాం కూడా. నువ్వు పేర్చినదానికంటే వంద రెట్లు తిన్నగా ఉంది, కావాలంటే తాడు పట్టి చూసుకో."

తాడు పట్టక్కర్లేదు. గుట్ట గోడ కట్టినట్టు తిన్నగా ఉంది. ఏ పెట్టె ఎక్కడిదో మాత్రం ఆ దేవుడికే తెలియాలి. మెషీను నడిపే యూనుస్‌ని పట్టుకుని నువ్వేం చేస్తున్నావయ్యా అని అడిగితే, గొట్టాలు పగలకుండా తనే దగ్గరుండి తీసి మళ్ళీ పెట్టానని, తను గొట్టాలకే కాపలా అని, పెట్టెలకు కాపలా ఉండమని ఎవరూ చెప్పలేదని అన్నాడు. అన్నీ నిజాలే. నిజాలు చెప్పేవాళ్ళ మీద కోపం రెట్టింపవుతుంది.

ఈలోగా సవేలీ పెత్రోవిచ్ వచ్చాడు. హాలు చూసి ముందు ముఖం విప్పారింది. నేను పెట్టెల సంగతి చెప్పగానే ముడుచుకుపోయింది. ఆయన మంచివాడే, కానీ గొడవంటే పిల్లిలా తప్పుకుంటాడు. స్టేషనుకి కారు వెళ్ళిపోయిందని, ప్రొఫెసరు ముందు ఈ పంచాయితీ పెట్టొద్దని, నోరు మూసుకుని మెషీను నడిపితే ఏదో ఒకటి వస్తుందని గొణిగాడు. ఏదో ఒకటి రావడానికి ఇది లాటరీ కాదన్నాను. వినిపించుకోలేదు. అప్పటికే కారు వాకిట్లోకి వచ్చేసింది.

గెర్మన్ ల్వోవిచ్ పొడుగాటి మనిషి. బూట్ల మీది రబ్బరు తొడుగులు గుమ్మం దగ్గర విప్పి జతగా పెట్టి లోపలికొచ్చాడు. చుట్టూ కలియజూసి, ప్రయోగశాలంటే ఇలా ఉండాలి అని క్లావ్దియా తీహొనొవ్నా చెయ్యి కూడా నొక్కాడు. ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి నాకు పుండు మీద కారం చల్లినట్టయింది.

మొదలుపెట్టే ముందు రేడియం, బెరీలియం కలిపిన సోర్సుతో డిటెక్టరుని ఒకసారి సరిచూసుకుంటానని చెప్పాను. ఆ సోర్సు ఎన్ని న్యూట్రాన్లు విడుస్తుందో మాకు ముందే తెలుసు. వాటిలో ఎన్ని దొరుకుతున్నాయో చూస్తే పెట్టెల బండారం బయటపడుతుంది. సవేలీ పెత్రోవిచ్ వెనక నుంచి కళ్ళు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపాడు. ప్రొఫెసరేమో టీ గ్లాసులో నిమ్మచెక్క పిండుతూ, చలికాలంలో చూసుకున్నారు కదా, పదింట్లో నాలుగు దొరుకుతున్నాయని రాశారు కదా అన్నాడు.

"మైనం మైనమే కదండీ. విరిగిపోవడానికి అదేమన్నా పాలా? కానివ్వండి, మెషీను పెట్టించండి."

పెట్టించాం. బంగారు రేకు వేలాడదీసి, తలుపులు బిగించి, పక్కగదిలో కూర్చున్నాం. యూనుస్ మీటలు తిప్పుతున్నాడు, లెక్కల పెట్టె టిక్కుటిక్కుమంటోంది, నా పళ్ళు పటపటలాడుతున్నాయి. భోజనం వేళకి మెషీను ఆపి, ప్రొఫెసరే స్వయంగా స్లైడ్ రూలు తీసుకుని లెక్క కట్టాడు. చలికాలపు నాలుగుతోనే కట్టాడు. నూటికి ఇరవై వచ్చింది.

సవేలీ పెత్రోవిచ్ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. ప్రొఫెసరు ఎగతాళి చేసుంటే బాగుండేది, నేనూ తిరిగి ఏదో అనేదాన్ని. ఆయన జాలి చూపించాడు.

"బాధపడకండి రిమ్మా అర్కాద్యెవ్నా. లెక్కపెట్టడమన్నది ఒక విద్య. అందరికీ పట్టుబడదు."

ఇక నా వల్ల కాలేదు. సోర్సు ఉన్న సీసం డబ్బా బరబరా లాక్కుంటూ హాల్లోకి నడిచాను. ఎక్కడికని సవేలీ పెత్రోవిచ్ వెంటపడ్డాడు. చలికాలంలో ఇది ఆకుపచ్చగా లేదండీ అని అందరికీ వినపడేలా చెప్పాను. శనివారం సంగతి, అకౌంట్సు వాళ్ళ సంగతి, లైబ్రరీ ఆవిడ నడుం సంగతి, మొత్తం కక్కేశాను. ప్రొఫెసరు టీ గ్లాసు పట్టుకునే నా వెనక వచ్చి నిలబడ్డాడు. సోర్సుని రేకు ఉండే చోట పెట్టి లెక్క తీశాను. పదింట్లో మూడే దొరుకుతున్నాయి. మామూలు మైనం ఉండాల్సిన చోటికి బోరాన్ పెట్టెలు వచ్చి కూర్చుని, నా న్యూట్రాన్లను లోపలే మింగేస్తున్నాయి.

"చూశారా?" అన్నాను. "జంటలో ఒకటి తప్పిపోతే అది ఒంటరిలా కనిపిస్తుంది. దొరికేది మూడైతే నాలుగని లెక్క కట్టినప్పుడు ఇరవై ఎనిమిది కాస్తా ఇరవై అవుతుంది. నాకే కాదు, ఎవరికైనా అవుతుంది. మీకైనా అవుతుంది."

ఆ చివరి మాట నోరు జారి అన్నదే. అందులో నాకు ఏ ఆలోచనా లేదు, ఉత్త కోపం. సవేలీ పెత్రోవిచ్ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. అయితే పెట్టెలు ఏరండి, చూద్దాం అన్నాడు ప్రొఫెసరు.

ఏరడమంటే మాటలా. ఒక్కో పెట్టెనీ మోసుకొచ్చి బండి మీద పెట్టాలి. దానికి ఒక వైపు సోర్సు, రెండో వైపు ఒంటి గొట్టం. ఉత్త మైనమైతే నీరసపడ్డ న్యూట్రాన్లు ఇవతలికి ధారాళంగా వస్తాయి, గొట్టం గలగలా టిక్కుమంటుంది. బోరానైతే మూతి ముడుచుకుని కూర్చుంటుంది. టిక్కుమన్నవి కుడి పక్కకి, మూతి ముడిచినవి ఎడమ పక్కకి. నా గౌను, యూనుస్ మోచేతులు, అన్నిటికీ పచ్చరంగు అంటుకుంది, ఇంకా పూర్తిగా ఆరలేదు మరి. క్లావ్దియా తీహొనొవ్నా ముందు మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి క్యాబేజీ కూరిన బన్నుల్లాంటి పిరోష్కీల పళ్ళెంతో తిరిగొచ్చి, పుచ్చకాయలు కొనేటప్పుడు తట్టినట్టు పెట్టెల్ని తట్టి చూస్తూ, ఇది మంచిదే అని జోస్యం చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ మంచిదన్నదల్లా బోరాన్ అయి కూర్చుంది.

"అమ్మా, నువ్వు చెడ్డవనుకున్నవి చెప్పు, వాటిని కళ్ళు మూసుకుని లోపల పెట్టేస్తాం," అన్నాడు యూనుస్.

"నోర్ముయ్యరా. నీ చొక్కాకి రంగంటితే కిరసనాయిలు నేనే ఇవ్వాలి, గుర్తుపెట్టుకో."

గెర్మన్ ల్వోవిచ్ తలకిందుల స్టూలు పక్కన నిలబడి ఇదంతా చూస్తున్నాడు. పిరోష్కీ చేతిలోనే ఉంది, కొరకలేదు. ఉన్నట్టుండి క్లావ్దియా తీహొనొవ్నాని, ఇది ప్రతి ఏడూ చేస్తారా అని అడిగాడు.

"అదేం ప్రశ్నండీ? దేశం దేశమంతా చేస్తుంటే. మీ లెనిన్‌గ్రాద్‌లో చెయ్యరా ఏం?"

"చేస్తాం."

"మరి! మీరు ఏ రంగేస్తారు?"

ఆయన ఎడమ పక్క పేరుకుపోతున్న బోరాన్ పెట్టెల వైపు చూశాడు. ఆ ప్రశ్నకి అంత ఆలోచనేమిటో నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపికా లేదు. పెట్టె అంచు గోరు మీద పడి ప్రాణం పోతోంది.

"నీలం," అన్నాడు చివరికి.

తర్వాత కోటు విప్పాడు. ఎక్కడ పెట్టాలో తెలియక కొంచెంసేపు చుట్టూ చూసి, నా చేతికిచ్చాడు. చొక్కా చేతులు మడుచుకుని వచ్చి పెట్టెకి రెండో కొస పట్టాడు. సవేలీ పెత్రోవిచ్ హడలిపోయి అడ్డం వస్తే పక్కకు తప్పుకోమన్నాడు. ఆ వయసులో ఆ బరువులు మోస్తుంటే నాకు భయమేసింది, కానీ ఆపమని నేనూ అనలేదు. సాయం చేసేవాళ్ళని ఆపేంత మర్యాద ఆ రోజు నాలో మిగల్లేదు.

ఇంకా ఎండ ఉండగానే గుట్ట తిరిగి లేచింది. వంకరటింకరగా, నేను ఎప్పుడూ పేర్చినట్టే. సోర్సు పెట్టి చూస్తే పదింట్లో నాలుగు దొరికాయి. యూనుస్ డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలేదు, మెషీను వేడెక్కిందని, దాన్ని మధ్యలో వదిలేస్తే అలుగుతుందని సాకు చెప్పాడు. రేకు వేలాడదీసి మళ్ళీ కూర్చున్నాం. ఈసారి లెక్క కట్టమని ప్రొఫెసరు స్లైడ్ రూలు నాకు ఇచ్చాడు. నమ్మకం కుదరక రెండుసార్లు కట్టాను. ఇరవై ఎనిమిదికి వెంట్రుకవాసి తక్కువ.

సవేలీ పెత్రోవిచ్ ముఖం మళ్ళీ విప్పారింది. ఆయన గదిలోకి వెళ్ళాం. బీరువా తెరిచి అర్మేనియా కన్యాక్ బ్రాందీ సీసా తీశాడు, చిన్న గ్లాసులు తుడిచాడు, నా కాగితాలు బల్ల మీద పరిచాడు. గెర్మన్ ల్వోవిచ్ కలం మూత తీశాడు. ఆయన రాయలేదు. కలం అలాగే పట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఆయన దగ్గర ఒక అమ్మాయి పనిచేసేదట. పదిహేనేళ్ళ నాటి మాట. ఆ బంగారం కొలత ముందు చేసింది ఆ అమ్మాయి. ఫిబ్రవరిలో చేసింది. ఆవిడకు ఇరవై ఎనిమిది వచ్చింది. ఈయన నమ్మలేదు. మే నెలలో తన చేతులతో తనే కొలిచాడు, ఇరవై వచ్చింది. ఏప్రిల్‌లో వాళ్ళ హాలంతా నీలం రంగు వేశారు. పెట్టెలు తీయమన్నది ఆయనే, అకాడమీ వాళ్ళు చూడ్డానికి వస్తున్నారని. సోర్సుతో మళ్ళీ సరిచూడలేదు. మైనం మైనమే అనుకున్నాడు.

"రంగేశాక లెక్క పడిపోయిందని నాతో చెప్పింది కూడా," అన్నాడు. "వినలేదు. లెక్కపెట్టడం అందరికీ పట్టుబడదన్నాను. ఇందాక మీతో అన్నాను చూడండి, అదే మాట. ఆ ఎండాకాలమే వెళ్ళిపోయింది. ఎక్కడో బళ్ళో పాఠాలు చెబుతోందని విన్నాను."

సవేలీ పెత్రోవిచ్ గ్లాసులు నింపడం ఆపాడు. పాపం పెద్దాయన ఎంత కుమిలిపోతున్నాడో అని నాకు అనిపించాలి నిజానికి. అనిపించింది కూడా, ఒక క్షణం. ఆ వెంటనే, నా అంకె నా కంటే ముందు ఇంకొకరికి దొరికిందన్న సంగతి బుర్రకెక్కింది. ఆ పై వెంటనే, ఆవిడ ఇప్పుడు ఏ ఊళ్ళోనో అల్లరి పిల్లల చేత లోలకాల లెక్కలు చేయిస్తూ ఉంటుందన్నది ఎక్కింది.

"ఆవిడ పేరేంటి?" అన్నాను.

"తాస్యా."

"ఇంటిపేరు?"

ఆయన కలాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఆవిడ అంకెని దశాంశ స్థానాలతో సహా చెప్పగలడు. ఏ గొట్టం ఎక్కడ పెట్టిందో చెప్పగలడు. ఇంటిపేరు రాలేదు. కాసేపటికి, తర్వాత గుర్తొస్తుందిలే అన్నట్టు చెయ్యి ఊపి, కాగితం మీదికి వంగాడు.

పొద్దుట్నుంచీ ఎంతమంది మీద ఎంత కోపం వచ్చిందో చెప్పాను కదా. అదంతా ఒక ఎత్తు, అప్పుడు వచ్చింది ఒక ఎత్తు. కాగితం మీద అరచెయ్యి వేసి నా వైపు లాక్కున్నాను. బల్ల కింద నుంచి సవేలీ పెత్రోవిచ్ నా కాలు తొక్కుతున్నాడు.

"ఇంటిపేరు తెలిశాక పెట్టండి," అన్నాను. "ఇది ముందు కొలిచింది ఆవిడని నా గ్రంథంలో రాయాలి. పేరు లేకుండా ఎలా రాస్తాను?"

"రిమ్మా, మెషీను రేప్పొద్దున పోతోంది, ఆయన రైలు ఏడింటికి," అన్నాడు సవేలీ పెత్రోవిచ్ ఏడుపు గొంతుతో. ఆ రెండూ నాకు తెలియనివా. ఈ మనిషి రైలెక్కితే మళ్ళీ ఎప్పుడు దొరుకుతాడో, ఊరు చేరాక మనసు మార్చుకుంటాడో, అదీ నాకు తెలుసు. నా బుద్ధికి నా మీదే చిరాకు పుట్టుకొస్తోంది. చెయ్యి మాత్రం తీయలేదు.

గెర్మన్ ల్వోవిచ్ కలానికి మూత పెట్టి, టెలిఫోను తన వైపు జరుపుకుని, ఎక్స్ఛేంజి వాళ్ళని లెనిన్‌గ్రాద్ కలపమన్నాడు. లైను రావడానికి ఎప్పటిలాగే యుగాలు పట్టింది. కన్యాక్ ఎవరూ ముట్టుకోలేదు. రైలు టైము అయింది, దాటింది కూడా. ఆయన కదల్లేదు. చివరికి అవతల ఎవరో పలికారు, వాళ్ళ ఆఫీసులో ఉద్యోగుల కాగితాలు చూసే ఆవిడ కాబోలు, ఇంటికి పోబోతూ ఎత్తినట్టుంది. ఆయన గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"పదిహేనేళ్ళ కిందట నా దగ్గర పనిచేసిన అమ్మాయి ఇంటిపేరు కావాలి. తాస్యా. చిన్నపిల్ల, పొట్టి జడ..." అని ఆగాడు. "కాదు. ఇప్పుడు ఆవిడకు నలభై దాటి ఉంటాయి."

అవతలావిడ ఏదో అడిగింది. ఆయన తల వంచుకుని విని, లైన్లోనే ఉంటానన్నాడు.